న్యూజెర్సీలో తక్కువ ఆదాయంతో పిల్లల్ని పెంచుతున్న కుటుంబాలకు: రాష్ట్ర టాక్స్ క్రెడిట్లు, డే కేర్ సాయం పొందే పద్ధతి

ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "మా బాబుకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, మాకేమైనా వస్తుందా?" "హెచ్-4లో ఉన్నాను, డే కేర్ ఖర్చు చూపించవచ్చా?" (హెచ్-4 అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసా.) "ఇవన్నీ తీసుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డం వస్తాయా?" ముక్కలుగా జవాబు చెబితే ఎవరికీ పూర్తి పని జరగడం లేదు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒక వరుసలో రాస్తున్నాను.

ఇది ఎవరికోసం? స్టోర్లో, గ్యాస్ స్టేషన్లో, రెస్టారెంట్లో గంటల లెక్కన పనిచేసేవాళ్లు, ఇద్దరి జీతాల్లో ఒకటి పోయినవాళ్లు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లులు, కొత్తగా గ్రీన్ కార్డు మీద వచ్చి చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టినవాళ్లు. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో అద్దె, డే కేర్ కట్టాక చేతిలో ఏమీ మిగలని ఇళ్లు చాలానే ఉన్నాయి. ఈ డబ్బు చట్టం ప్రకారం వాళ్లకు రావలసినదే. అయితే అడిగినవాళ్లకే వస్తుంది.

## 1. ముందు ఏమేం ఉన్నాయో చూసుకోండి

- న్యూజెర్సీ చైల్డ్ టాక్స్ క్రెడిట్: డిసెంబరు 31 నాటికి 5 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ వయసున్న ఒక్కో బిడ్డకు 1,000 డాలర్ల వరకు. డే కేర్ ఖర్చు చూపించాల్సిన పని లేదు.
- చైల్డ్ అండ్ డిపెండెంట్ కేర్ క్రెడిట్: మీరు ఉద్యోగానికి వెళ్లడానికి పిల్లల సంరక్షణకు పెట్టిన ఖర్చు మీద.
- న్యూజెర్సీ ఈఐటీసీ (తక్కువ జీతంతో పనిచేసేవాళ్లకు ఇచ్చే క్రెడిట్): ఫెడరల్ ఈఐటీసీ ఎంత వస్తే అందులో 40 శాతం.
- అద్దె మీద మినహాయింపు, యాంకర్ (ప్రాపర్టీ టాక్స్ భారం తగ్గించే రాష్ట్ర పథకం) సాయం: సొంత ఇల్లు లేకపోయినా వర్తిస్తాయి.
- చైల్డ్ కేర్ అసిస్టెన్స్ ప్రోగ్రాం: డే కేర్ ఫీజులో కొంత రాష్ట్రమే కట్టే సబ్సిడీ.
- ఉచిత ప్రీస్కూల్: 3, 4 ఏళ్ల పిల్లలకు, ఆ పథకం ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల్లో.

మొదటి మూడూ రిఫండబుల్ క్రెడిట్లు. అంటే మీరు కట్టాల్సిన రాష్ట్ర పన్ను సున్నా అయినా ఆ డబ్బు మీ ఖాతాలో పడుతుంది. భార్యాభర్తల ఆదాయం ఏడాదికి 20,000 డాలర్లు దాటకపోతే న్యూజెర్సీ రిటర్న్ ఫైల్ చేయడం తప్పనిసరి కాదు. సింగిల్‌గా ఫైల్ చేసేవాళ్లకు ఆ హద్దు 10,000. "మాకు అక్కర్లేదట" అని వదిలేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే నష్టపోతారు. పన్ను లేకపోయినా క్రెడిట్ కావాలంటే ఫైల్ చేయాల్సిందే.

## 2. ఇంట్లో ఎవరికి ఏ నంబరు ఉందో రాసుకోండి

ఏ సాయం వస్తుంది, ఏది రాదు అన్నది సగం ఇక్కడే తేలుతుంది. ఒక కాగితం మీద భార్య, భర్త, ఒక్కో బిడ్డ పేరు రాసి, పక్కన ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉందా, ఐటిన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్లకు పన్ను కోసం ఇచ్చే నంబరు) ఉందా, ఏదీ లేదా రాయండి.

- అందరికీ ఎస్‌ఎస్‌ఎన్ ఉంటే: అన్ని క్రెడిట్లకూ తలుపులు తెరిచే ఉన్నట్టు. మిగతా అర్హతలు చూసుకోండి.
- భార్యాభర్తల్లో ఒకరికి ఐటిన్ ఉంటే: ఫెడరల్ ఈఐటీసీ రాదు. జాయింట్‌గా ఫైల్ చేసినప్పుడు భార్యాభర్తలిద్దరికీ, లెక్కలో చూపిన పిల్లలకూ పని అనుమతితో కూడిన ఎస్‌ఎస్‌ఎన్ ఉండాలి. హెచ్-1బీ మీద ఇచ్చిన ఎస్‌ఎస్‌ఎన్ ఈ లెక్కకు పనికొస్తుంది. ఫెడరల్ లెక్కలో రాకపోతే న్యూజెర్సీ 40 శాతం కూడా రాదు.
- న్యూజెర్సీ చైల్డ్ టాక్స్ క్రెడిట్‌కు మాత్రం తల్లిదండ్రులకూ బిడ్డకూ ఎస్‌ఎస్‌ఎన్ గానీ ఐటిన్ గానీ, ఏది ఉన్నా చాలు. హెచ్-4 మీద వచ్చిన బిడ్డకు ఫెడరల్ చైల్డ్ టాక్స్ క్రెడిట్ రాదు కాబట్టి ఇదీ రాదనుకుంటారు. రెండూ వేరు.
- ఏ నంబరూ లేకపోతే: 4వ అంచెకు వెళ్లి ముందు ఐటిన్ సంగతి చూడండి.

ఇదే కాగితం మీద పేర్ల స్పెల్లింగ్ కూడా సరిచూసుకోండి. మనవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, ఎస్‌ఎస్‌ఎన్ కార్డులో ఇంకో చోట, డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రం)లో మూడో రకంగా ఉంటుంది. రిటర్న్‌లో పేరు ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. లేకపోతే ఈ-ఫైలింగ్ తిరస్కరిస్తారు, లేదా రిఫండ్ నెలల తరబడి ఆగుతుంది.

## 3. జనవరిలోనే కాగితాలు కూర్చుకోండి

డబ్ల్యూ-2 జనవరి 31 లోపు కంపెనీ ఇవ్వాలి. అది వచ్చేలోపు మిగతావి సిద్ధం చేసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

చెక్‌లిస్టు

- [ ] భార్యాభర్తల డబ్ల్యూ-2లు, 1099లు (జీతం కాని ఆదాయం చూపే పత్రాలు), అన్ని ఉద్యోగాలవీ
- [ ] పిల్లల ఎస్‌ఎస్‌ఎన్ కార్డులు లేదా ఐటిన్ లెటర్లు, బర్త్ సర్టిఫికెట్లు
- [ ] ఏడాది మొత్తం కట్టిన అద్దె లెక్క, లీజు కాపీ
- [ ] డే కేర్ లేదా పిల్లల్ని చూసుకునే ఆంటీ వివరాలు: పేరు, అడ్రసు, ఎస్‌ఎస్‌ఎన్ లేదా ఈఐఎన్ (సంస్థకు ఇచ్చే పన్ను నంబరు), ఏడాదిలో కట్టిన మొత్తం
- [ ] డే కేర్‌కు కట్టినట్టు చూపే చెక్కులు, జెల్ (Zelle) స్టేట్‌మెంట్లు, రసీదులు
- [ ] కిందటేడాది ఫెడరల్, న్యూజెర్సీ రిటర్న్ కాపీలు
- [ ] బ్యాంకు రూటింగ్ నంబరు, ఖాతా నంబరు

డబ్ల్యూ-2 చూసినప్పుడు బాక్స్ 1 కంటే న్యూజెర్సీ జీతం చూపే బాక్స్ 16 ఎక్కువగా ఉంటే కంగారుపడకండి. ఆరోగ్య బీమాకు జీతంలోంచి కోసిన సొమ్మును ఫెడరల్ పన్ను నుంచి మినహాయిస్తారు, న్యూజెర్సీ మినహాయించదు. రాష్ట్ర క్రెడిట్లకు బాక్స్ 16 నుంచే లెక్క మొదలవుతుంది.

అపార్ట్‌మెంటులోనే పిల్లల్ని చూసుకునే ఆంటీ దగ్గర వదులుతుంటే, నంబరు అడగడానికి మొహమాటపడి క్రెడిట్ మొత్తాన్నే వదులుకునేవాళ్లున్నారు. ఇలా మెసేజ్ పెడితే సరిపోతుంది:

"ఆంటీ, నమస్తే. టాక్స్ ఫైలింగ్‌కి పోయినేడాది పాప కోసం మీకు ఇచ్చిన మొత్తం, మీ పేరు, అడ్రసు, ఎస్‌ఎస్‌ఎన్ కావాలండి. డబ్ల్యూ-10 అని ఒక పేజీ ఫారం ఉంటుంది, నేను ప్రింట్ తీసుకొస్తాను, మీరు నింపి సంతకం చేస్తే చాలు."

ఆవిడ ఇవ్వనంటే తెలిసిన వివరాలు మాత్రం నింపి, అడిగినా ఇవ్వలేదని రిటర్న్‌తో పాటు రాతపూర్వకంగా చెప్పే వీలుంది. అడిగినట్టు ఆధారం ఉండాలి కాబట్టి ఆ మెసేజ్‌ను డిలీట్ చేయకండి. వచ్చే ఏడాదికి మాత్రం చేర్చే ముందే ఈ మాట తేల్చుకోండి.

## 4. బిడ్డకు ఐటిన్ లేకపోతే

ఐటిన్‌కు విడిగా ముందే అప్లై చేసే పద్ధతి సాధారణంగా ఉండదు. ఫెడరల్ రిటర్న్‌తో పాటే డబ్ల్యూ-7 ఫారం పంపాలి. ఆ రిటర్న్‌లో బిడ్డ వల్ల ఏదో ఒక పన్ను లాభం చూపించాలి. హెచ్-4 పిల్లలకు సాధారణంగా 500 డాలర్ల అదర్ డిపెండెంట్ క్రెడిట్ ఆ పని చేస్తుంది.

- పాస్‌పోర్టు ఒరిజినల్ గానీ, దాన్ని జారీ చేసిన కార్యాలయం ధ్రువీకరించిన కాపీ గానీ కావాలి. మామూలు నోటరీ కాపీ చెల్లదు.
- పాస్‌పోర్టులో అమెరికాలోకి వచ్చిన తేదీ ముద్ర లేకపోతే 6 ఏళ్ల లోపు పిల్లలకు ఇక్కడి డాక్టరు రికార్డు, పెద్ద పిల్లలకు స్కూలు రికార్డు అదనంగా అడుగుతారు.
- ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పంపడం ఇష్టం లేకపోతే ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) టాక్స్‌పేయర్ అసిస్టెన్స్ సెంటర్లో అపాయింట్‌మెంట్ తీసుకోండి, లేదా ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న సర్టిఫైయింగ్ అక్సెప్టెన్స్ ఏజెంటు దగ్గరకు వెళ్లండి. ఇండియా ప్రయాణం దగ్గర్లో ఉంటే ఇదే మంచిది.
- రిటర్న్ గడువులోపే పంపండి. గడువు దాటాక అడిగిన ఐటిన్‌తో ఆ ఏడాది ఫెడరల్ క్రెడిట్ పోతుంది.

వరుసగా మూడేళ్లు ఫెడరల్ రిటర్న్‌లో వాడకపోతే ఐటిన్ కాలం చెల్లుతుంది. మధ్యలో ఇండియా వెళ్లి తిరిగి వచ్చిన కుటుంబాలు ఇది చూసుకోవాలి.

## 5. ఫెడరల్ ముందు, న్యూజెర్సీ తర్వాత

న్యూజెర్సీ ఈఐటీసీ, చైల్డ్ కేర్ క్రెడిట్ రెండూ ఫెడరల్ అంకెల మీదే కట్టి ఉన్నాయి. అందుకే ఫెడరల్ రిటర్న్ పూర్తి చేయకుండా రాష్ట్రానిది మొదలుపెట్టకండి.

పెళ్లయినవాళ్లు విడివిడిగా ఫైల్ చేస్తే ఈ క్రెడిట్లు చాలావరకు చేజారతాయి. ఎవరో ఫ్రెండ్ చెప్పాడని మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్ ఎంచుకోకండి.

న్యూజెర్సీ చైల్డ్ టాక్స్ క్రెడిట్ ఒక్కో బిడ్డకు ఇలా ఉంటుంది. ఇక్కడ ఆదాయం అంటే న్యూజెర్సీ టాక్సబుల్ ఇన్‌కమ్ (మినహాయింపులు పోగా మిగిలేది), మొత్తం జీతం కాదు:

- 30,000 డాలర్ల వరకు: 1,000
- 30,001 నుంచి 40,000: 800
- 40,001 నుంచి 50,000: 600
- 50,001 నుంచి 60,000: 400
- 60,001 నుంచి 80,000: 200
- 80,000 దాటితే ఏమీ రాదు

చైల్డ్ కేర్ క్రెడిట్ అయితే అదే ఆదాయాన్ని బట్టి ఫెడరల్ క్రెడిట్‌లో ఇంత శాతం: 30,000 వరకు 50, 60,000 వరకు 40, 90,000 వరకు 30, 1,20,000 వరకు 20, 1,50,000 వరకు 10.

2025 ఆదాయంతో ఒక లెక్క చేసి చూద్దాం. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తున్నారు, అందరికీ ఎస్‌ఎస్‌ఎన్ ఉంది. ఇద్దరి జీతం కలిపి 56,000. ఒక బిడ్డకు 3 ఏళ్లు, ఇంకో బిడ్డకు 6. డే కేర్, ఆఫ్టర్ స్కూల్ కలిపి 7,000 కట్టారు. అద్దె నెలకు 1,800.

న్యూజెర్సీలో పెద్దవాళ్లకు తలా 1,000, పిల్లలకు తలా 1,500 మినహాయింపు. 56,000లో 5,000 తీస్తే 51,000. ఇక్కడితో ఆగితే చైల్డ్ టాక్స్ క్రెడిట్ 400.

ఆగకూడదు. అద్దెకున్నవాళ్లు కట్టిన అద్దెలో 18 శాతాన్ని ప్రాపర్టీ టాక్స్‌గా లెక్కిస్తారు. ఏడాది అద్దె 21,600లో 18 శాతం అంటే 3,888. అది మినహాయిస్తే టాక్సబుల్ ఇన్‌కమ్ 47,112కు దిగుతుంది. చైల్డ్ టాక్స్ క్రెడిట్ 600 అవుతుంది. పన్నులో కూడా సుమారు 75 డాలర్లు తగ్గుతుంది. అద్దె గడి ఖాళీగా వదిలేసి ఈ 200 పోగొట్టుకునేవాళ్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది. అడిగింది ఒక్క అంకె, అదీ తమ లీజులో ఉన్నదే.

మిగతావి: డే కేర్ ఖర్చులో ఇద్దరు పిల్లలకు 6,000 వరకే లెక్క, అందులో 20 శాతం, అంటే 1,200 ఫెడరల్ క్రెడిట్. దాంట్లో 40 శాతం 480 న్యూజెర్సీది. ఫెడరల్ ఈఐటీసీ సుమారు 1,775 వస్తుంది, అందులో 40 శాతం సుమారు 710. రాష్ట్రం నుంచే మొత్తం 1,790 దాకా. ఫెడరల్ చైల్డ్ టాక్స్ క్రెడిట్ వీటికి అదనం.

ఏడాది మధ్యలో న్యూజెర్సీకి వచ్చినవాళ్లకు సాధారణంగా ఉన్న నెలల లెక్కన తగ్గుతుంది.

## 6. చైల్డ్ కేర్ ఖర్చు: ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

మూల సూత్రం ఒక్కటే: మీరిద్దరూ పనికి వెళ్లడానికి ఆ ఖర్చు అవసరమైందా? బిడ్డకు 13 ఏళ్లు నిండకూడదు.

వస్తాయి: డే కేర్, ప్రీస్కూల్, స్కూలుకు ముందూ తర్వాతా ఉంచే కేర్, పగటిపూట సమ్మర్ క్యాంప్, ఇంటికి వచ్చి చూసుకునే ఆయా జీతం.

రావు: కిండర్‌గార్టెన్, ఆపై తరగతుల స్కూలు ఫీజు, రాత్రి ఉండే క్యాంప్, మ్యాథ్స్ ట్యూషన్, కూచిపూడి, సంగీతం క్లాసులు.

ఇంట్లో ఆయాను పెట్టుకుని ఏడాదికి కొన్ని వేల డాలర్లు ఇస్తే మీరే యజమాని అవుతారు. ఆ పన్నుల సంగతి వేరుగా చూడాలి. 2025లో ఆ హద్దు 2,800 డాలర్లు.

హెచ్-4లో ఉండి ఉద్యోగం లేకపోతే ఈ క్రెడిట్ రాదు, భర్త జీతం ఎంతైనా సరే. ఒక మినహాయింపు ఉంది. ఏడాదిలో ఏవైనా ఐదు నెలల్లో ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉంటే, ఆ నెలల్లో ఒక బిడ్డ ఉంటే నెలకు 250, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 500 సంపాదించినట్టు లెక్కిస్తారు. మాస్టర్స్ చేస్తున్న అమ్మలు దీన్ని వదలకండి.

ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు పిల్లల్ని చూసినందుకు జీతం ఇచ్చినట్టు చూపించకండి. ఆ వీసా మీద పని చేయకూడదు. వాళ్ల వీసాకే ముప్పు.

ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల సంరక్షణ కోసం పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టే సొమ్ము) వాడుకుంటే, ఆ మొత్తాన్ని ఖర్చు హద్దులోంచి (ఒక బిడ్డకు 3,000, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మందికి 6,000) తీసేస్తారు. ఒక బిడ్డ ఉండి 5,000 ఎఫ్ఎస్ఏ వాడితే క్రెడిట్‌కు ఏమీ మిగలదు. ఆదాయం తక్కువగా ఉన్నప్పుడు ఎఫ్ఎస్ఏ కంటే క్రెడిట్లే మేలు కావచ్చు. నవంబరులో ఆఫీసు ఎన్‌రోల్‌మెంట్ అప్పుడే రెండు లెక్కలూ వేసి చూసుకోండి.

## 7. యాంకర్‌కు వేరే దరఖాస్తు

అద్దె మినహాయింపు రిటర్న్‌లోనే ఉంటుంది. యాంకర్ అలా కాదు, దానికి వేరే అప్లికేషన్, వేరే గడువు. 2024 సంవత్సరానికి గడువు 2025 అక్టోబరు 31న ముగిసింది.

2024 లెక్కలో అద్దెకున్నవాళ్లకు ఆదాయం 1,50,000 లోపు ఉంటే 450 డాలర్లు, 65 ఏళ్లు నిండినవాళ్లకు 700. ఆ సంవత్సరం అక్టోబరు 1న మీరు ఆ ఇంట్లోనే ఉండాలి, లీజులో మీ పేరుండాలి, ఆ ఇంటికి స్థానిక ప్రాపర్టీ టాక్స్ పడుతూ ఉండాలి. రూమ్మేట్లతో ఉంటూ పేరు లేకుండా నెగ్గుకొస్తున్న కుటుంబాలకు ఇదే అడ్డంకి. లీజు రెన్యూ చేసేటప్పుడు పేరు చేర్పించుకోండి.

కొందరికి రాష్ట్రమే ఆటోమేటిక్‌గా ఫైల్ చేసి లెటర్ పంపుతుంది. ఇల్లు మారినా, బ్యాంకు మారినా ఆ లెటర్లో చెప్పినట్టు సరిచేయాలి.

## 8. డే కేర్ సబ్సిడీ: ముందు ఫోన్, తర్వాత ఫారం

చైల్డ్ కేర్ అసిస్టెన్స్ ప్రోగ్రాంను కౌంటీకి ఒక చైల్డ్ కేర్ రిసోర్స్ అండ్ రెఫరల్ ఏజెన్సీ నడుపుతుంది. మీ కౌంటీ ఏజెన్సీ ఏదో చైల్డ్‌కేర్‌ఎన్‌జే వెబ్‌సైటులో దొరుకుతుంది. 211కు ఫోన్ చేసినా చెబుతారు.

నిధుల కొరత వల్ల 2025 ఆగస్టు 1 నుంచి కొన్ని వర్గాలకు తప్ప కొత్త దరఖాస్తులు నిలిపివేశారు. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే: "ఇప్పుడు కొత్తవి తీసుకుంటున్నారా? లేకపోతే వెయిటింగ్ లిస్టు ఉందా? మా పరిస్థితికి మినహాయింపు వర్తిస్తుందా?"

అర్హత

- కొత్తగా చేరేటప్పుడు కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు రెండింతల లోపు. 2025 అంకెల ప్రకారం ముగ్గురికి 53,300, నలుగురికి 64,300 డాలర్లు.
- ఇంట్లో ఉన్న తల్లిదండ్రులిద్దరూ పనిలోనో, చదువులోనో, ట్రైనింగులోనో ఉండాలి. పూర్తిరోజు కేర్‌కు వారానికి 30 గంటల పని లెక్క.
- బిడ్డకు 13 ఏళ్ల లోపు ఉండాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు వయసు సడలింపు ఉంది.
- పౌరసత్వం చూసేది బిడ్డది. ఇక్కడ పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులు ఏ వీసాలో ఉన్నా అర్హత ఉంటుంది. గ్రీన్ కార్డు పిల్లలకూ ఉంది. హెచ్-4 బిడ్డకు లేదు.

దరఖాస్తుకు

- [ ] ఇటీవలి నాలుగు వారాల పే స్టబ్‌లు, ఇద్దరివీ
- [ ] అడ్రసు రుజువు, తల్లిదండ్రుల ఫోటో ఐడీ
- [ ] పిల్లల బర్త్ సర్టిఫికెట్లు
- [ ] చదువుతుంటే కాలేజీ ఎన్‌రోల్‌మెంట్ లెటర్, టైమ్‌టేబుల్
- [ ] క్యాష్‌లో జీతమైతే యజమాని సంతకంతో లెటర్

నాలుగు వారాల్లో ఒకటి ఓవర్‌టైమ్ వారం అయితే ఆదాయం పెరిగినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు అది మామూలు జీతం కాదని యజమానితో ఒక లెటర్ రాయించి జతచేయండి.

లైసెన్సున్న సెంటర్, రిజిస్టర్ అయిన ఫ్యామిలీ డే కేర్ మాత్రమే కాదు, ఏజెన్సీ ఆమోదిస్తే బంధువు, స్నేహితులు, పొరుగువాళ్లు కూడా ప్రొవైడర్లు కావచ్చు. పని చేసే అనుమతి ఉన్న, గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మమ్మ బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఇంటి తనిఖీ దాటితే ఆమెకే చెల్లింపు వస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

అనుమతి లెటర్ చేతికి వచ్చాకే సబ్సిడీ మొదలైనట్టు. అంతకుముందు వారాల ఫీజు మీదే. అనుమతి సాధారణంగా 12 నెలలకు, మీ వంతు కో-పే ఉంటుంది. వదిలేటప్పుడూ తీసుకెళ్లేటప్పుడూ రోజూ హాజరు నమోదు చేయండి, మరిచిపోతే ఆ రోజుల చెల్లింపు చిక్కులో పడుతుంది. ఉద్యోగం, అడ్రసు మారితే వెంటనే చెప్పండి. రెన్యువల్ లెటర్ పాత అడ్రసుకు వెళ్లి సాయం ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి.

సబ్సిడీ కట్టిన భాగాన్ని టాక్స్ క్రెడిట్‌లో మీ ఖర్చుగా చూపకూడదు. మీ జేబులోంచి కట్టిన కో-పే మాత్రమే చూపండి.

## 9. 3, 4 ఏళ్ల పిల్లలుంటే ఉచిత ప్రీస్కూల్ అడగండి

జెర్సీ సిటీ, న్యూ బ్రన్స్‌విక్, పెర్త్ అంబాయ్ లాంటి డిస్ట్రిక్టుల్లో రాష్ట్ర నిధులతో పూర్తిరోజు ప్రీస్కూల్ ఉంది. మిగతా ఊళ్లకూ విస్తరిస్తున్నారు. దీనికి ఆదాయం అడగరు, వీసా అడగరు. హెచ్-4 బిడ్డకు డే కేర్ సబ్సిడీ రాదు కాబట్టి ఆ కుటుంబాలకు అన్నిటికంటే పెద్ద ఊరట ఇదే అని నా అభిప్రాయం.

సెప్టెంబరులో చేర్చాలంటే ఆ ఏడాది మొదట్లోనే డిస్ట్రిక్టు వెబ్‌సైటు చూడండి. సీట్లు తక్కువైన చోట లాటరీ తీస్తారు. వయసు రుజువు, టీకాల రికార్డు, అడ్రసు రుజువు కావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేయించిన టీకాల కార్డుంటే ఇక్కడి పీడియాట్రీషియన్‌తో ముందే ఫారంలోకి ఎక్కించుకోండి.

## 10. గ్రీన్ కార్డు భయం

పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారని గ్రీన్ కార్డు నిరాకరించడం) విషయంలో 2022లో వచ్చిన ఫెడరల్ నిబంధన నెలనెలా జీవనానికి ఇచ్చే నగదు సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉండటాన్ని లెక్కిస్తుంది. టాక్స్ క్రెడిట్లు, డే కేర్ సబ్సిడీ, స్కూలు అందులో లేవు. 2025 నవంబరులో ఆ నిబంధనను రద్దు చేసే ప్రతిపాదన వచ్చింది. కాబట్టి గ్రీన్ కార్డు ఫైల్ చేయబోయేవాళ్లు సబ్సిడీ మొదలుపెట్టే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక్కసారి అడగండి. వాట్సాప్ ఫార్వర్డు చూసి నిర్ణయం తీసుకోకండి. వీసాదారులకు ఫెడరల్ రిఫండబుల్ క్రెడిట్లను తగ్గించే ప్రయత్నాలు కూడా నడుస్తున్నాయి. ఏ ఏడాదికి ఫైల్ చేస్తున్నారో ఆ ఏడాది ఐఆర్‌ఎస్ సూచనలే చూడండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఇద్దరూ ఒకే బిడ్డను చూపడం. విడిపోయిన తల్లిదండ్రుల్లో ఇది ఎక్కువ. బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రాత్రులు ఉందో సాధారణంగా వాళ్లదే హక్కు. కోర్టు కాగితాలు, స్కూలు అడ్రసు దగ్గర పెట్టుకోండి.

రిఫండ్‌లో శాతం అడిగే ప్రిపేరర్. అలాంటివాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. డబ్బు తీసుకుని రిటర్న్ చేసేవాళ్లు తప్పకుండా తమ పేరు, పీటిన్ (ప్రిపేరర్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే గుర్తింపు) నంబరు వేసి సంతకం చేయాలి. లేని డే కేర్ ఖర్చు రాసి రిఫండ్ పెంచేవాళ్లూ ఉన్నారు. ఐఆర్‌ఎస్ లెటర్ వస్తే జవాబు చెప్పాల్సింది మీరు, వాళ్లు కాదు.

ఉచితంగా అయ్యేదానికి డబ్బు కట్టడం. ఆదాయం ఒక హద్దు (2025లో సుమారు 67,000) లోపు ఉన్నవాళ్లకు వీటా కేంద్రాల్లో శిక్షణ పొందిన వలంటీర్లు ఉచితంగా చేస్తారు. ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్లు నిండిపోతాయి. న్యూజెర్సీ రిటర్న్‌ను రాష్ట్ర వెబ్‌సైటులో నేరుగా ఉచితంగా ఫైల్ చేయవచ్చు.

ఫ్యామిలీ లీవ్ డబ్బును, నిరుద్యోగ భృతిని న్యూజెర్సీ ఆదాయంలో కలపడం. ఫెడరల్‌లో నిరుద్యోగ భృతికి పన్ను ఉంది, న్యూజెర్సీలో రెండిటికీ లేదు. అనవసరంగా కలిపితే క్రెడిట్ తగ్గిపోతుంది.

## 12. ఫైల్ చేశాక

ఈఐటీసీ ఉన్న ఫెడరల్ రిఫండ్ ఫిబ్రవరి మధ్య దాకా చట్టప్రకారమే ఆగుతుంది. న్యూజెర్సీ రిఫండ్ ఎక్కడుందో రాష్ట్ర టాక్సేషన్ వెబ్‌సైటులో ఎస్‌ఎస్‌ఎన్, రిఫండ్ మొత్తం ఇచ్చి చూసుకోవచ్చు.

డే కేర్ రసీదులు గానీ, బిడ్డ మీతోనే ఉంటున్నట్టు రుజువు గానీ అడుగుతూ లెటర్ వస్తే భయపడాల్సిందేమీ లేదు. అందులో ఇచ్చిన తేదీలోపు కాపీలు పంపండి. ఒరిజినల్స్ పంపకండి. ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసే వీలుంటే అదే చేసి, కన్ఫర్మేషన్ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ దాచండి.

పాత ఏళ్లలో ఈ క్రెడిట్లు అడగకపోయి ఉంటే సాధారణంగా మూడేళ్లలోపు సవరించిన రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు. న్యూజెర్సీకి ఆ ఫారం ఎన్‌జే-1040ఎక్స్. ఫెడరల్‌లో మార్పు ఉంటే ముందు అది వేయండి, దాని కాపీ జతచేసి రాష్ట్రానిది పంపండి. పాత లీజులు, డే కేర్ రసీదులు వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టండి. న్యూజెర్సీ చైల్డ్ టాక్స్ క్రెడిట్ 2022లో ఒక్కో బిడ్డకు 500 వరకు ఉండేది, 2023 నుంచి 1,000 అయింది. అందుకే ఏ ఏడాది రిటర్న్‌కు ఆ ఏడాది ఫారమే వాడండి.